బకెట్టు స్నానానికి ఐదు దశలు

రెసిడెన్షియల్ కాలేజీల్లో పిల్లలకు ఊపిరాడటం లేదని మన తెలుగు తల్లిదండ్రులు ఏళ్ల తరబడి బాధపడుతూనే ఉన్నారు, బాధపడుతూనే ఫీజు కడుతూ ఉన్నారు. ఆ బాధకు బెంగళూరు శివార్లలో విరుగుడు దొరికింది. సర్జాపూర్ రోడ్డు మొదలుకొని దేవనహళ్లి దాకా వెలసిన ఇంటర్నేషనల్ బోర్డింగ్ స్కూళ్లలో ఎవరైనా ఎంత ఊపిరైనా పీల్చుకోవచ్చు. పీల్చాక దానివల్ల ఏం నేర్చుకున్నారో రెండు వందల మాటల్లో రాసి, రెండు ఫొటోలు జతచేసి, పోర్టల్‌లో పెట్టాలి. అంతకుమించి ఏ నిర్బంధమూ లేదు.

కాలేజీవాళ్లు పిల్లాడి ఖాళీ సమయాన్ని లాగేసుకుంటారు. ఇక్కడివాళ్లు ఆ సమయాన్ని వాడి చేతికే ఇచ్చి, పైసాతో సహా లెక్క అడుగుతారు. రెండో పద్ధతే నాగరికమైనదని నమ్మే పక్షాన నిలబడి నాలుగు మాటలు చెప్పాల్సిన అవసరం వచ్చింది.

ముందుగా హౌస్ అంటే ఏమిటో తెలియాలి. నలభై మంది పిల్లలు, వార్డెన్‌లాంటి ఒక హౌస్ పేరెంట్, ఒక అసిస్టెంటు, ఒక మేట్రన్, ఒక కామన్ రూమ్, అందులో ఒక మైక్రోవేవ్, గోడ మీద హౌస్ జెండా. హౌస్‌కు ఏ నది పేరో కొండ పేరో ఉంటుంది. అంతర్జాతీయత విషయానికొస్తే, హైదరాబాద్ నుంచి రియల్ ఎస్టేటు వారి పిల్లలు, నెల్లూరు నుంచి రొయ్యల చెరువుల వారి పిల్లలు, అనంతపురం నుంచి కాంట్రాక్టర్ల పిల్లలు, డల్లాస్ నుంచి తిరిగొచ్చిన సాఫ్ట్‌వేర్ వారి పిల్లలు ఉంటారు. వీరితోపాటు ఒక కొరియా అబ్బాయి ఉంటాడు. బ్రోచర్‌లో ప్రతి పేజీలోనూ అతనే ఉంటాడు. రెండో టర్ముకల్లా అతను కూడా "ఏరా మామా, సాంబార్లో మళ్లీ బెల్లం వేశార్రా" అంటాడు. సాంస్కృతిక మార్పిడి అనేది ఈ మేరకు విజయవంతమైందని ఒప్పుకోవాలి.

చేర్పించేటప్పుడు ఇచ్చే సామాన్ల జాబితాలో తల్లులు తేలిగ్గా తీసుకునే అంశం ఒకటుంది. ప్రతి బట్ట మీదా పేరు ఉండాలి, సాక్సుతో సహా. ఇస్త్రీపెట్టెతో అతికించే లేబుళ్లు కొనేవారు ఎక్కువ. అవి ఇంట్లో చక్కగా అతుక్కుంటాయి. హౌస్ లాండ్రీలో వేడినీళ్ల మిషన్‌లో, ఆపైన డ్రయర్‌లో తిరిగేసరికి జిగురు మెత్తబడి అంచులు లేస్తాయి, ఇంకొన్ని వాషులకు ఊడి మరొకరి బనీనుకు అంటుకుంటాయి. అప్పుడు ఆ బనీను న్యాయంగా ఎవరిదన్నది హౌస్ మీటింగ్‌లో తేలాలి. దారంతో నాలుగు మూలలా కుట్టిన గుడ్డ లేబులైతే బట్ట చిరిగినా అదే నిలబడుతుంది. సాక్సులకు వల సంచీ ఒక్కటే గతి. లేకపోతే ఒక సాక్సు ఎవరి బెడ్‌షీటు మూలలోనో దూరి, ఆ బెడ్‌షీటు యజమానితోపాటు సెలవులకు విజయవాడ వెళ్లిపోతుంది. టర్ము చివర్లో యజమాని తెలియని బట్టలన్నీ బల్ల మీద పరుస్తారు. అయిదువేల రూపాయల స్వెట్టర్‌ను వెయ్యి అడుగుల దూరం నుంచి గుర్తుపట్టగల కుర్రాడు కూడా ఆ రోజు అది తనది కాదంటాడు. తనదని ఒప్పుకుంటే సంతకం పెట్టి, ఎలా పోయిందో కారణం రాయాలి మరి.

ఇక అసలు సంగతి, వేడినీళ్లు.

బెంగళూరు మేడల మీద సోలార్ హీటర్లు కొత్త కాదు. మన హౌస్‌కు 500 లీటర్ల ట్యాంకు ఉందనుకోండి. ట్యాంకులో నీళ్లు 55 డిగ్రీలు, కుళాయి నీళ్లు 22 డిగ్రీలు, ఒంటి మీద పోసుకోవడానికి కావాల్సింది 40 డిగ్రీలు అయితే, పోసుకునే నీళ్లలో సగానికి కాస్త పైగా ట్యాంకులోంచి రావాలి. షవర్ నిమిషానికి తొమ్మిది లీటర్లు వదిలితే పది నిమిషాలకు తొంభై, అందులో వేడివి యాభై. అంటే ట్యాంకు మొత్తం పది మందికి సరి. పదకొండో వాడి దగ్గర్నుంచి వ్యక్తిత్వ వికాసం మొదలవుతుంది. పై అంతస్తువాడికి ట్యాంకు దగ్గర, కింది అంతస్తువాడికి దూరం. కిందివాడు కుళాయి తిప్పగానే ముందు పైపులో రాత్రంతా నిలవున్న చన్నీళ్లు బయటికి పోవాలి. వేడినీళ్లు వచ్చేలోపు పావు బకెట్టు డ్రెయిన్‌పాలవుతుంది. ఆగస్టులో టర్ము మొదలవుతుంది, ఆగస్టులో బెంగళూరుకు మబ్బులు. మబ్బురోజుల కోసం ట్యాంకులో కరెంటు కాయిల్ పెడతారు. మూడు కిలోవాట్ల కాయిల్ 500 లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు పెంచాలంటే దాదాపు అయిదు గంటలు పడుతుంది. వాచ్‌మన్ పొద్దున అయిదింటికి స్విచ్ వేస్తే పదింటికి నీళ్లు కాగుతాయి. పదింటికి పిల్లలు ఎకనామిక్స్ క్లాసులో ఉంటారు.

ఇందులో దోషమేమీ లేదు, పైగా దీని వెనుక గొప్ప సంప్రదాయముంది. కర్ట్ హాన్ అనే జర్మన్ విద్యావేత్త 1934లో స్కాట్లాండ్‌లో గోర్డన్‌స్టన్ స్కూలు పెట్టి, పొద్దున్నే పరుగు, చన్నీళ్ల స్నానం పిల్లలకు అలవాటు చేశాడు. ఈనాటి బోర్డింగ్ స్కూళ్ల సాహస యాత్రలు, సేవా కార్యక్రమాల ఆలోచనలో చాలా భాగం ఆయన దగ్గర్నుంచి వచ్చిందే. గుడివాడ హాస్టల్లో గీజరు చెడిపోయి చన్నీళ్లు పోసుకున్న తండ్రిది కేవలం దురదృష్టం. సర్జాపూర్ రోడ్డులో ట్యాంకు ఖాళీ అయి చన్నీళ్లు పోసుకుంటున్న కొడుకుది తత్వశాస్త్రం. రెంటికీ ఫీజులోనే తేడా.

2024 వేసవిలో బెంగళూరుకు నీటి కరువొచ్చింది. బోర్లు ఎండాయి, ట్యాంకర్ల కోసం అపార్టుమెంట్లు క్యూ కట్టాయి, తాగునీటితో కారు కడిగితే 5000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. అలాంటి ఊళ్లో హౌస్ చేతులు ముడుచుకు కూర్చోకూడదు కదా. కూర్చోదు. ఈ స్కూళ్లలో ఇంటర్‌కు బదులు చదివించే ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియట్) డిప్లొమాలో క్యాస్ అని ఒక విభాగముంది: సృజన, శారీరక శ్రమ, సేవ. దీన్ని 18 నెలలపాటు నడపాలి. అందులో కనీసం నెలరోజులు సాగే ఒక ప్రాజెక్టు ఉండాలి. దానికి ఐదు దశలు ఉంటాయి. పరిశోధన, సన్నాహం, ఆచరణ, ప్రతిఫలనం (అంటే చేసిన పనివల్ల ఏం నేర్చుకున్నారో రాయడం), ప్రదర్శన. నీటి పొదుపు మీద ఈ ఐదు దశలూ ఎలా నడవాలో చూద్దాం.

పరిశోధన దశలో స్టాప్‌వాచ్ పట్టుకుని బాత్‌రూమ్ బయట నిలబడి ఎవరెంతసేపు స్నానం చేస్తున్నారో రాసుకోవాలి. లోపలివాడికి సంగతి తెలిస్తే ఆ రోజు నాలుగు నిమిషాల్లో బయటికొస్తాడు, అంకెలు పాడవుతాయి. తెలియకపోతే హౌస్ పేరెంట్‌కు ఫిర్యాదు చేస్తాడు, అనుమతి పత్రం లేదని ప్రాజెక్టే ఆగుతుంది. కాబట్టి అనుమతి పత్రం ముందే తీసుకోవాలి. సన్నాహంలో కమిటీ ఏర్పడుతుంది. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, సుస్థిరతా కార్యదర్శి, సోషల్ మీడియా బాధ్యుడు కలిసి నీళ్లు ఆదా చేయమని ఏ3 సైజులో రంగుల పోస్టర్లు నలభై ప్రింటు తీయిస్తారు. ఆచరణ దశలో ఒక ఆవిష్కరణ జరుగుతుంది. ఇరవై లీటర్లు పట్టే గుండ్రటి ప్లాస్టిక్ పాత్ర, దానికి పైన పట్టీ, పక్కన లీటరు పట్టే చిన్న పాత్ర. పెద్దదానిలో నీళ్లు నింపి, చిన్నదానితో తీసుకుని నెత్తిన పోసుకోవాలి. లెక్క కట్టి చూస్తే ఇందులో వేడినీళ్లు పదకొండు లీటర్లకు మించవు. అదే ట్యాంకు నలభై మందికీ సరిపోయి ఇంకా మిగులుతుంది.

ప్రదర్శన రోజు అసెంబ్లీలో ఈ బకెట్టు మీద ఇరవై స్లైడ్లు వేస్తారు. హిందూపురం నుంచి వచ్చి అదే హౌస్‌లో నేల తుడిచే అక్క వెనక గోడకానుకుని చూస్తుంది. ఆవిడకు ఆవిష్కర్తల జాబితాలో చోటు దక్కకపోవడానికి కారణం ఉంది. ఆవిడ పుట్టినప్పట్నుంచీ చెంబుతో పోసుకుంటున్నా ఒక్కసారీ ప్రతిఫలనం రాయలేదు.

ప్రతిఫలనం రాయడం ఒక విద్య, దాన్ని తక్కువ అంచనా వేయకూడదు. క్యాస్‌కు మార్కులుండవు, కానీ అది పూర్తికాకపోతే డిప్లొమా రాదు. ఏడు అభ్యసన ఫలితాలున్నాయి, ఏడింటికీ ఆధారం చూపించాలి, కోఆర్డినేటర్‌తో మూడు ఇంటర్వ్యూలకు కూర్చోవాలి. బెళ్లందూరు వైపు ఏదో చెరువుకు తీసుకెళ్లి గుర్రపుడెక్క పీకించారనుకోండి. "చెరువు దగ్గర గుర్రపుడెక్క పీకాము, చేతులు దురద పెట్టాయి" అని రాస్తే అది వెనక్కి వస్తుంది. "నా సౌకర్య పరిధిని దాటి, సమష్టి కృషి విలువను గ్రహించాను" అని రాయాలి. దురద ఉంటే అది 'ఎదురైన సవాలు' కిందికి వెళ్తుంది. గ్లవుజులు ఇచ్చిన టీచర్ 'సహకారం' కిందికి. ఒడ్డున చూస్తూ నిలబడ్డ ఊరివాళ్లు 'ప్రపంచ ప్రాధాన్యమున్న అంశాలతో మమేకం' కిందికి. పీకిన గుర్రపుడెక్కను గట్టు మీదే వదిలేస్తే వర్షానికి మళ్లీ చెరువులోకే వెళ్తుందని, చిన్న ముక్క మిగిలినా మళ్లీ పరుచుకుంటుందని ఆ ఊరివాళ్లే చెబుతారు. ఆ మాట రాయడానికి ఏ గడీ లేదు. కలుపు మళ్లీ పెరగడం వల్ల తరవాతి బ్యాచికి కూడా ప్రాజెక్టు దొరుకుతుంది కాబట్టి, దీన్ని సుస్థిరత అనే అనాలి.

2015లో ఆ బెళ్లందూరు చెరువు నురగకే నిప్పంటుకున్న సంగతి గుర్తుండే ఉంటుంది. నురగకు మూలం ఊరంతా వదిలే మురుగు, అందులోని సబ్బు. సాక్సులు వారానికి నాలుగుసార్లు మిషన్లో వేయించే హౌస్ చెరువు శుద్ధికి బయలుదేరడంలో వైరుధ్యం చూసేవారు ఉంటారు. వారికి వ్యవస్థాగత ఆలోచన లేదని జాలిపడి వదిలేద్దాం.

రాత్రి ఫోన్ల విషయంలో హౌస్‌కూ పిల్లలకూ మధ్య చాలాకాలంగా శాంతియుత ఒప్పందం నడుస్తోంది. ప్రెప్ అనే సాయంత్రపు చదువు వేళ మొదలయ్యే ముందు నంబర్లు వేసిన సంచుల్లో ఫోన్లు వేయాలి. పిల్లలు వేస్తారు. వేసేది నాన్న పాత ఫోను, దిండు కింద ఉండేది అసలుది. దొరికిపోయే తీరు చిత్రంగా ఉంటుంది. సంచిలోని ఫోను వారమంతా ఛార్జింగ్ అడగదు. దానికి ఒక్క మిస్డ్ కాల్ కూడా రాదు. అసలు ఫోనేమో హౌస్ వైఫైలో అర్ధరాత్రి దాకా కనపడుతూనే ఉంటుంది. ఇది తెలిసిన వాడు పాత ఫోన్లో కూడా సిమ్ వేసి, వాళ్ల నానమ్మ చేత రోజూ ఎనిమిదింటికి రింగ్ చేయిస్తాడు. ఇంత ప్రణాళిక, పట్టుదల, ఇంట్లోవాళ్లతో ఇంత సమన్వయం ఏ క్యాస్ ప్రాజెక్టులోనూ కనపడదు. దీనికి మాత్రం గుర్తింపు లేదు, గేటు దాటనివ్వని గేటింగ్ అనే శిక్ష మాత్రం ఉంది.

జ్ఞాన సిద్ధాంతం అని ఐబీలో ఒక సబ్జెక్టు ఉంది, మనకు ఏదైనా తెలుసని ఎలా తెలుసు అనే ప్రశ్న మీద 1600 మాటల వ్యాసం రాయిస్తారు. దాని ఫలితం లైట్లార్పే వేళ కనపడుతుంది. "నేను నిద్రపోలేదనడానికి మీ దగ్గరున్నది ఇంద్రియ సాక్ష్యమా, అనుమానమా సార్?" అని దుప్పటి లోంచి ఒక గొంతు వస్తుంది. ఆ గొంతు కిందే నీలం వెలుగు ఉంటుంది.

తిండి దగ్గరికొద్దాం. మెస్‌లో మంగళవారం కాంటినెంటల్, గురువారం పాన్ ఏషియన్, మిగతా రోజులు బెల్లం సాంబారు. కాబట్టి ఆవకాయ తప్పదు. ఆవకాయ మేలో పడుతుంది, స్కూలు ఆగస్టులో తెరుస్తారు. ముక్క సరిగ్గా ఊరి, పులుపు దిగి, ఏడాదిలోకెల్లా మంచి రుచిలో ఉండే సమయమది. అయితే బ్రిటన్, యూరప్ పద్ధతిలో ప్యాకెట్ల మీద ప్రకటించి తీరాల్సిన అలర్జీ పదార్థాలు 14 ఉన్నాయి. వాటిలో ఆవాలున్నాయి, నువ్వులున్నాయి, వేరుశెనగ ఉంది. ఆవపిండితో, నువ్వుల నూనెతో పెట్టిన జాడీ అంటే రెండు గీతలు దాటినట్టే. పల్లీపొడి డబ్బా కూడా తోడైతే మూడు. మేట్రన్ ఫారం ఇస్తుంది. పదార్థాలు, తయారీ తేదీ, గడువు తేదీ రాయాలి. గడువు తేదీ దగ్గర "వచ్చే ఏడు మళ్లీ పెట్టేదాకా" అని రాస్తే ఒప్పుకోరు, తేదీ వేయాలి.

గాజు సీసా నిషిద్ధం కనుక స్టీలు డబ్బానో ప్లాస్టిక్ జాడీనో వాడాలి. మూత కింద పాలిథీన్ కాగితం వేసి, పైన రబ్బరుతో బిగించి, ఆ డబ్బాను మరో స్టీలు డబ్బాలో నిలువుగా పెట్టాలి. సూట్‌కేసులో పడుకోబెడితే కర్నూలు దాటేలోపే నూనె మరలోంచి ఊరి తెల్లచొక్కాలకు ఎక్కుతుంది. అందులో పసుపు ఉందనుకోండి, సబ్బు తగలగానే మరక ఎర్రబడుతుంది. భయపడాల్సిన పని లేదు, ఉతికి ఎండలో ఆరేస్తే పసుపు రంగు వెలిసిపోతుంది. కానీ హౌస్ బట్టలు డ్రయర్‌లో ఆరతాయి, వాటికి సూర్యుడితో పరిచయం లేదు. ఆ మరక డిప్లొమా దాకా తోడుంటుంది.

కెటిల్, ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ పొయ్యి గదుల్లో నిషేధం. కారణాలు సమంజసమైనవే. ఒకే లైను మీద మూడు గదుల్లో మూడు కెటిళ్లు పెడితే మెయిన్ బోర్డులో ఎంసీబీ స్విచ్ పడిపోయి ఫ్లోరంతా చీకటవుతుంది. అయితే నిప్పుల కొలిమిగా పేరు తెచ్చుకోవాల్సింది కామన్ రూమ్ మైక్రోవేవే. పాప్‌కార్న్ ప్యాకెట్టు పెట్టి, గింజ పేలడానికీ మరో గింజ పేలడానికీ మధ్య రెండు సెకన్లు వచ్చేదాకా చెవి పెట్టి వినాలి, వినగానే ఆపాలి. మనవాళ్లు నాలుగు నిమిషాలు నొక్కి టేబుల్ టెన్నిస్‌కు పోతారు. మధ్యలో గింజలు మాడి, తలుపు తీయగానే పొగ పైకి లేచి డిటెక్టర్‌ను తాకుతుంది. డిటెక్టర్‌కు పొగ, బాడీ స్ప్రే, బాత్‌రూమ్ ఆవిరి అనే తేడా అంతగా తెలియదు, అన్నిటికీ ఒకేలా అరుస్తుంది. అరిచాక నలభై మందీ చెప్పుల్లేకుండా గ్రౌండులో వరస కట్టాలి. లెక్క ముప్ఫై తొమ్మిదే వస్తుంది. నలభయ్యోవాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఇందాకటి ట్యాంకులో మిగిలిన వేడినీళ్లన్నీ ఒక్కడే వాడుకుంటూ ఉంటాడు.

వారాంతపు సెలవు చీటీ గురించి ఎక్కువ చెప్పను. తల్లిదండ్రులిద్దరూ విడివిడిగా ఈమెయిల్ పెట్టాలి, తీసుకెళ్లేవారు ఫొటో గుర్తింపు చూపాలి. ఫారంలో తండ్రి, తల్లి, స్థానిక సంరక్షకుడు అని మూడే గడులు. మారతహళ్లిలో ఉండే నాన్నగారి పిన్నత్త కొడుకు ఆ మూడింటిలో ఎందులోనూ పట్టడు. ఆయన శుక్రవారం నాలుగింటికి బయలుదేరి, ట్రాఫిక్ దాటి, రిసెప్షన్‌లో కూర్చుని, ఆఖరికి పిల్లాడికి పులిహోర పొట్లం ఇచ్చి వెళ్లిపోతాడు. పొట్లంలో పల్లీలుంటాయి కనుక దానికి ఇంకో ఫారం.

సాహస యాత్రను మాత్రం వదలలేం. ఇంటర్నేషనల్ అవార్డ్ ఫర్ యంగ్ పీపుల్ అనే పురస్కారంలో తొలి మెట్టయిన కాంస్యానికి పద్నాలుగేళ్లు నిండాలి. రెండు పగళ్లు, ఒక రాత్రి, రోజుకు కనీసం ఆరు గంటల ప్రయత్నం ఉండాలి. దానికి ముందు రిహార్సల్ యాత్ర కూడా చేయాలి. రామనగర గుట్టల దగ్గరో, కోలారు అంతరగంగ దగ్గరో ఇది జరుగుతుంది. కొత్త బూట్లు అదే రోజు తొడిగితే తొలి గంటకే మడమ బొబ్బలెక్కుతుంది. పదిహేను రోజులు ముందు నుంచే తొడిగి నడవాలని సూచనల కాగితం మీద ఉంటుంది, ఆ కాగితం సూట్‌కేసు అడుగునుంటుంది. ఇదే పిల్లాడి అమ్మమ్మ అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి, మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి, గుండు చేయించుకుని, అదే రాత్రి బస్సెక్కి ఇంటికొచ్చింది. ఆవిడ రిస్క్ అసెస్‌మెంట్ సమర్పించలేదు, దారి మ్యాపు గీయలేదు, పరిశీలకుడి సంతకం తీసుకోలేదు. కాంస్యం ఇవ్వలేదని నిష్ఠూరమాడితే నియమాలు ఒప్పుకోవు.

ఇన్ని దాటుకుని పిల్లాడు రెండో సంవత్సరం చివరికొస్తాడు. ఆరు సబ్జెక్టులకు ఏడేసి చొప్పున 42 పాయింట్లు, జ్ఞాన సిద్ధాంతానికీ 4000 మాటల విస్తృత వ్యాసానికీ కలిపి మూడు, మొత్తం 45. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు 38 అంచనా అని చెబితే పెదనాన్న "నూటికా?" అంటాడు. వివరించాలి. వివరించాక ఆయన "అయితే ర్యాంకెంత?" అంటాడు.

ఫిబ్రవరిలో తండ్రి హౌస్ పేరెంట్‌ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి ఒక మాట అడుగుతాడు. "సార్, వీడు విదేశాలకే వెళ్తాడనుకోండి, అయినా ఎందుకైనా మంచిది, ఆదివారాలు ఎంసెట్ మెటీరియల్ చేసుకోవచ్చా?" దాని పేరు ఈఏపీసెట్‌గా మారిన సంగతి కూడా ఆయన పట్టించుకోడు. చేసుకోవచ్చు, సమయం ఇస్తారు, ఏం నేర్చుకున్నాడో రాస్తే చాలు. చిక్కల్లా తేదీల్లో ఉంది. ఐబీ పరీక్షలు ఏప్రిల్ చివర మొదలై మేలో చాలా దూరం సాగుతాయి, సెట్టు కూడా దాదాపు అప్పుడే పడుతుంది, ఐబీ ఫలితాలు జులైలో గానీ రావు. క్యాస్ డైరీ అప్పటికే మూసేసి ఉంటుంది, లేకపోతే దీన్ని కూడా 'ఎదురైన సవాలు' కింద రాసి, హాల్ టికెట్ ఫొటో జతచేసి ఉండొచ్చు.